జడ అల్లే చేతులు తాడు అల్లితే

మీ ఇంట్లో ఆడపిల్ల ఉందా? పొద్దున్నే జడ వేస్తారు కదా. జుట్టును మూడు పాయలు చేస్తారు. కుడి పాయను మధ్య పాయ మీదుగా వేస్తారు. ఎడమ పాయను మధ్య పాయ మీదుగా వేస్తారు. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. మాట్లాడుతూనే ఉంటారు, చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. పిల్ల తల కదిపితే ఒక మొట్టికాయ కూడా పడుతుంది.

ఈ పని వచ్చిన వాళ్ళకు తాడు అల్లడం సగం వచ్చినట్టే. మిగతా సగం ఇప్పుడు చదువుదాం.

విశాఖపట్నంలో జాలరిపేట ఉంది. సముద్రం ఒడ్డునే ఇళ్ళు. మగవాళ్ళు వేటకు వెళ్తారు. ఆడవాళ్ళు చేపలు గంపకెత్తుకుని ఊళ్ళోకి వెళ్తారు. సాయంత్రం చదువుకోవడానికి కూర్చుంటారు. అలా కూర్చున్న వాళ్ళలో ఒక అప్ప ఒకరోజు పలక పక్కన పెట్టేసింది. ఆమె ముఖం బాగా లేదు.

"ఏటమ్మా, ఏటయింది?" అని అడిగాం.

జరిగింది చెప్పింది. అప్పు చేసి కొత్త నైలాను వల కొన్నారు. వలకు పట్టుతాడు చాలలేదు. రెండు నైలాను తాళ్ళు ముడేసి కలిపారు. రాత్రి వేటలో ముడి జారిపోయింది. సగం పైగా వల కొట్టుకుపోయింది. వల సముద్రంలో పోయింది. అప్పు మాత్రం ఒడ్డునే ఉంది. వారం వారం కట్టాలి.

"తాడు తెగనేదు. ముడి జారిపోనాది. మా మావ వేసిన ముడే, ఆయన తాత వేసిన ముడే. అప్పుడు జారనిది ఇప్పుడు ఎందుకు జారింది? తప్పు తాడుదా, ముడిదా?" అని అడిగింది.

మంచి ప్రశ్న. జవాబు కావాలంటే తాడు ఎలా పుడుతుందో తెలియాలి.

పురి అంటే ఏమిటి?

ఒక కొబ్బరి పీచు పోగు తీసుకోండి. రెండు చేతులతో లాగండి. తెగిపోతుంది. జానెడు పొడవు కూడా ఉండదు అది. అలాంటి పొట్టి పోగులతో వంద బారల మోకు ఎలా వస్తుంది?

పోగులను పక్కపక్కన పెట్టి మెలితిప్పితే ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. తాడును ఎంత గట్టిగా లాగితే అవి అంత గట్టిగా ఒత్తుకుంటాయి. ఈ మెలికనే పురి అంటాం.

కానీ ఒట్టి పురి నిలబడదు. చెయ్యి వదిలితే గిర్రున విడిపోతుంది. అందుకే మన పెద్దవాళ్ళు ఒక ఉపాయం చేశారు. ఒక్కొక్క పేటను కుడివైపుకు పురి పెడతారు. తరువాత రెండు మూడు పేటలను కలిపి ఎడమవైపుకు పేనుతారు. కుడి పురి విడిపోవాలని చూస్తుంది. ఎడమ పురి కూడా విడిపోవాలని చూస్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా లాగుకుంటారు. ఎవరూ కదలలేరు. తాడు నిలబడుతుంది. తోడికోడళ్ళ మాదిరి అని ఒకామె అంది. అందరూ నవ్వారు.

విశాఖ రేవులో ఓడల సరుకు ఎత్తే క్రేన్లు మీరు దూరం నుంచి చూసే ఉంటారు. వాటికి వేలాడేది ఉక్కు తాడు. అది కూడా ఇదే పద్ధతి. సన్నని ఉక్కు తీగలను కలిపి పేట చేస్తారు. పేటలను మధ్యలో ఒక ఇరుసు చుట్టూ పేనుతారు. చాలా ఉక్కు తాళ్ళలో ఆ మధ్య ఇరుసు నారతో చేసిందే. నార నూనెను పట్టి ఉంచుతుంది. లోపల తీగలు ఒరుసుకోకుండా కాపాడుతుంది. అంత ఉక్కు నడుమ మన నార ఉంది, చూశారా!

పేనడం వేరు, అల్లడం వేరు

పేనిన తాడుకు ఒక గుణం ఉంది. బరువు వేలాడితే అది పురి విప్పుకోవాలని తిరుగుతుంది. వదులుగా పడి ఉంటే మెలికలు పడుతుంది. లంగరు తాడుకు, వల లాగే మోకుకు ఇది ఇబ్బంది కాదు. పైగా పేనిన తాడును పేటలు విప్పి, ఒకదానిలో ఒకటి దూర్చి, ముడి లేకుండా అతకవచ్చు.

అల్లిన తాడు అలా తిరగదు. పాయలు అటూ ఇటూ దాటుకుంటూ ఉంటాయి. ఒకవైపు తిప్పే బలం ఉండదు. చేతికి మెత్తగా, వాటంగా ఉంటుంది. అందుకే ఒంటికి తగిలే తాళ్ళు అల్లినవి అయితే మంచిది. మేక మెడతాడు, దూడ పలుపు, గుర్రం కళ్లెం తాడు అలాంటివి. సన్నగా పేనిన తాడు కడితే మెడ కోసుకుంటుంది. మూడు పాయల అల్లిక బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి కోయదు.

రామకృష్ణా బీచిలో పిల్లలను గుర్రం ఎక్కించి తిప్పుతారు. ఈసారి పిల్లలతో వెళ్ళినప్పుడు ఆ గుర్రం మూతికి కట్టిన పట్టీ చూడండి. తోలుదైనా, నైలానుదైనా, అది వెడల్పుగానే ఉంటుంది.

తోలు తాడు సంగతి

గుర్రం అన్నాం కాబట్టి తోలు సంగతి కూడా చెప్పుకుందాం. దక్షిణ అమెరికాలో అర్జెంటీనా అనే దేశం ఉంది. అక్కడ పెద్ద పెద్ద పచ్చిక మైదానాలు. గుర్రాల మీద తిరుగుతూ పశువులను కాసే వాళ్ళు ఉంటారు. వాళ్ళను గౌచోలు అంటారు. కళ్లెం, పగ్గం, పశువులను పట్టే ఉచ్చుతాడు, అన్నీ పచ్చితోలుతో అల్లుకుంటారు. పచ్చితోలు అంటే తంగేడు చెక్కలాంటివి వేసి ఊనబెట్టని తోలు. వెంట్రుకలు తీసి ఎండబెట్టింది.

ఒక పశువు తోలు ఎంత ఉంటుంది? మనిషి పొడవు ఉంటుందేమో. అందులో నుంచి పొడవాటి వారు ఎలా తీస్తారు? తోలును గుండ్రంగా కోస్తారు. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ చుట్టూ తిరుగుతూ లోపలికి కోసుకుంటూ వస్తారు. జంతికల చుట్ట విప్పినట్టు ఒకటే పొడుగు వారు వస్తుంది.

పచ్చితోలు తడిపితే మెత్తబడుతుంది. ఆరితే బిగుసుకుంటుంది. అందుకని తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు అల్లుతారు. ఆరాక అల్లిక కర్రలా బిగుస్తుంది. తరువాత కొవ్వు రాసి మెత్తబరుస్తారు. మరీ తడిగా ఉండగా అల్లితే ఆరాక పాయలు సన్నబడి సందులు పడతాయి. మరీ పొడిగా ఉంటే వంగదు, పగులుతుంది. ఆ మధ్య తడి చేతికి తెలియాలి. అది పుస్తకంలో రాయలేం.

ఇది మనకు కొత్త కాదు. డప్పు కొట్టే ముందు మంట దగ్గర ఎందుకు కాస్తారు? తోలులో తడి పోయి బిగుస్తుంది. అప్పుడు కణకణ మోగుతుంది. మన ఊళ్ళలో మోట బావులు ఉన్న రోజుల్లో ఎద్దులు లాగే తోలు బొక్కెనలు, తోలు వారులు, బండివాడి చెర్నాకోల, ఇవన్నీ తోలు పని చేసే కుటుంబాలు చేసినవే. ఆ పనిలో ఎంత నేర్పు ఉందో చెప్పేవాళ్ళు తక్కువ. నీచంగా చూసిన వాళ్ళు ఎక్కువ. ఊరి పంట ఆ చేతి పని మీద ఆధారపడింది. ఊరు మాత్రం ఆ చేతిని దూరంగా పెట్టింది.

మరి జాలరిపేటలో తోలు తాడు ఎందుకు వాడలేదు? మీరే చెప్పగలరు. ఉప్పునీళ్ళలో తడిస్తే పచ్చితోలు మెత్తబడి సాగిపోతుంది. సముద్రానికి కొబ్బరి పీచే తగింది. కొబ్బరి డొక్కలను నెలల తరబడి నీళ్ళలో నానబెట్టి, కొట్టి, పీచు తీస్తారు. నానిన పీచు ఉప్పునీటికి తొందరగా చివికిపోదు. పైగా సాగుతుంది. అల కొట్టినప్పుడు పటుక్కున తెగదు.

విశాఖ రేవు తెరుచుకున్నది 1933లో. అంతకు ముందు పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా ఆగేవి. మనుషులు, సరుకులు మసూలా పడవల మీద ఒడ్డుకు వచ్చేవి. ఆ పడవ పలకలకు మేకులు ఉండవు. కొబ్బరితాడుతో కుట్టినవి. మేకులు కొట్టిన పడవ అల దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ అలతో పాటు కొద్దిగా వంగుతుంది. తెప్ప కూడా అంతే. దుంగలను పక్కపక్కన పెట్టి తాళ్ళతో బిగించి కట్టేవారు. ఇప్పుడు చాలామంది ఫైబరు పడవలకు మారారు.

నైలాను వచ్చాక

వలలు పూర్వం నూలుతోనూ జనుము నారతోనూ అల్లేవారు. అవి తడిలో కుళ్ళిపోతాయి. అందుకని చెట్ల బెరడు ఉడికించి ఆ కషాయంలో వలలు ముంచేవారు. ఎండబెట్టేవారు. ఆ పని మళ్ళీ మళ్ళీ చేయాలి.

నైలానును అమెరికాలో 1930ల్లో కనిపెట్టారు. మన తీరానికి వచ్చింది స్వాతంత్ర్యం తరువాత. అది కుళ్ళదు. తేలిక. బలం ఎక్కువ. నరంలా సన్నగా ఉండే వల నీళ్ళలో చేపకు కనబడదు. అందరూ దానికే మారిపోయారు. వలలు మిషన్ల మీద తయారై వస్తున్నాయి. ఇంట్లో వల అల్లే పని తగ్గింది. బాగుచేసే పని మాత్రం చేతిదే.

కానీ నైలానుకు ఒక గుణం ఉంది. నున్నగా ఉంటుంది. కొబ్బరి తాడు గరుకు. ఆ గరుకే ముడిని పట్టి ఉంచుతుంది. ఒక చుట్టు చాలు. నైలాను మీద అదే ముడి వేస్తే జారుతుంది. అల ఒకసారి లాగుతుంది, ఒకసారి వదులుతుంది. లాగినప్పుడల్లా కొంచెం, కొంచెం.

ఇప్పుడు ఆ అప్ప ప్రశ్నకు జవాబు తెలిసింది కదా. తప్పు తాడుది కాదు. ముడిదీ కాదు. కొత్త తాడుకు పాత ముడి వేశారు.

ఏం చేయాలి? ముడిలో ఒక చుట్టు చుట్టే చోట రెండు చుట్లు చుట్టాలి. కొసలు బెత్తెడు వదలాలి. తడిపి బిగించాలి. బిగించాక బలంగా రెండు మూడుసార్లు లాగి చూడాలి. వల కన్ను బాగుచేసేటప్పుడు కూడా అంతే. సూదిని కంటి రెండు కాళ్ళ వెనక నుంచి ఒకసారి కాదు, రెండుసార్లు తిప్పి ఉచ్చులో నుంచి తీయాలి.

ఇంకో మాట. ఎంత మంచి ముడి అయినా ముడి ఉన్నచోట తాడు బలం తగ్గుతుంది. ఒక్కోసారి సగానికి దగ్గరగా పడిపోతుంది. పదిమందిని మోసే తాడు ముడి దగ్గర అయిదుగురినే మోస్తుందన్నమాట. కాబట్టి ముక్కలు కలిపిన తాడు లంగరుకు వద్దు.

నాలుగు పాయల తాడు

మూడు పాయలు మీకు వచ్చు. నాలుగు పాయలతో అల్లితే తాడు గుండ్రంగా వస్తుంది. నాకు మటుకు ఇదే ఇష్టం. గౌచోల కళ్లెం తాళ్ళలోనూ ఈ అల్లిక ఉంటుంది. నేర్చుకోవడానికి పాత చీర చింపి నాలుగు పీలికలు తీయండి. రెండు ఒక రంగు, రెండు ఇంకో రంగు అయితే తప్పు వెంటనే కనబడుతుంది.

నాలుగింటినీ పైన ముడేసి గుంజకు కట్టండి. పక్కపక్కన పరచండి. కుడి చివరి పాయను పట్టుకోండి. దాన్ని పక్కనున్న రెండు పాయల వెనక నుంచి ఎడమకు తీయండి. ముందుకు తెచ్చి, ఒక్క పాయ మీదుగా మళ్ళీ కుడివైపుకు వేయండి. బిగించండి. ఇప్పుడు ఎడమ చివరి పాయ. అది కూడా పక్కనున్న రెండింటి వెనక నుంచి కుడికి తీయండి. ముందుకు తెచ్చి ఒక్క పాయ మీదుగా ఎడమకు వేయండి. బిగించండి. అంతే. కుడి, ఎడమ, కుడి, ఎడమ.

వెనక రెండు, ముందు ఒకటి. ఇది నోట అనుకుంటూ అల్లండి. మొదట పది వరసలు వంకరగా వస్తాయి. విప్పి మళ్ళీ అల్లండి. అన్ని పాయలూ ఒకే బిగువున ఉండాలి. ఒకటి వదులైతే బరువంతా మిగతా మూడింటి మీద పడుతుంది. అవి ముందు తెగుతాయి.

ఎంత తాడు కావాలో లెక్క వేసుకోవాలి. అల్లితే పొడవు తగ్గుతుంది. పది బారల తాడు రావాలంటే ఒక్కో పాయ సుమారు పదిహేను బారలు తీసుకోండి. మూడు పాయలకు 15 × 3 = 45 బారలు. నాలుగు పాయలకు ఎంత? పలక మీద వేసి చూడండి. 60 వచ్చిందా?

నైలాను కొస పోగులు విడిపోకుండా దీపం మంట దగ్గర పెడితే కరిగి అతుక్కుంటుంది. కరిగిన నైలానును వేలితో ఒత్తకండి. చర్మానికి అంటుకుని కాలుస్తుంది, ఊడిరాదు. తడి గుడ్డతో ఒత్తండి. చిన్నపిల్లలను దగ్గరకు రానివ్వకండి. కొబ్బరి తాడు కొస కరగదు కాబట్టి దారంతో గట్టిగా చుట్టి కట్టాలి.

దుకాణంలో

తాళ్ళు ఎక్కువగా తూకం మీద అమ్ముతారు. తడి తాడు బరువు తూగుతుంది. పొడిగా ఉందో లేదో పట్టుకు చూడండి. చుట్ట పైనొకటి లోపలొకటి ఉంటుంది, కొంచెం విప్పించండి. ఒక దుకాణంలో మాకు నైలాను అని ఇచ్చింది నైలాను కాదు. తెలుసుకునే దారి సులువు. చిన్న ముక్క కోసి గ్లాసు నీళ్ళలో వేసి ముంచండి. నైలాను మునుగుతుంది. ప్లాస్టిక్ రకం తాడు తేలుతుంది. తేలే తాడు చెడ్డదని కాదు. వల పైతాడుకు తేలేదే కావాలి. కానీ దేనికి ఏది కొంటున్నామో మనకు తెలియాలి. ధర కూడా ఆ ప్రకారమే ఉండాలి. చీటీ రాయించుకోండి. చీటీలో తూకం, ధర చదవండి. ఇప్పుడు చదవగలరు కదా.

నైలాను ఎండకు బలం తగ్గుతుంది. చూడడానికి బాగానే ఉంటుంది, లాగితే తెగుతుంది. ఇసుక మీద వదిలేయకండి. ఆరాక నీడన పెట్టి కప్పండి. ఇసుక రేణువులు తాడులో దూరి లోపలే కోస్తాయి. అందుకని మంచినీళ్ళతో జాడించడం మేలు. బిగువుగా లాగుతున్న నైలాను తాడుకు ఎదురుగా మాత్రం ఎప్పుడూ నిలబడకండి. తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. చేతులు, కళ్ళు పోయేంత దెబ్బ.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు పడవలతో వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో ఒడ్డున ఎక్కడ చూసినా వలలు పరిచి ఉంటాయి. బాగుచేసే పని దొరుకుతుంది. వలకు ఇంత అని మాట్లాడుకుంటారు. చిరుగు ఎన్ని కళ్ళో ముందే లెక్కపెట్టి, కాగితం మీద రాసుకుని, అప్పుడు ధర చెప్పండి. పని అయ్యాక "ఇంతేనా చిరిగింది" అనే మాట రాదు.

ఆ అప్ప ఈ ఏడు ఆ రోజుల్లో రెండు వలలు బాగుచేసింది. అప్పు ఇంకా తీరలేదు. మొన్న మేకకు తాడు అల్లింది. ఎరుపు, ఆకుపచ్చ, నాలుగు పాయలు. మొదటి మూర వంకర. ఆ తరువాత తిన్నగా ఉంది. వంకర భాగం విప్పుతావా అని అడిగాం.

"ఉండనీ. ఎక్కడ వచ్చిందో తెలుస్తాది" అంది.